దీపం రేవు దగ్గర ఆగిన బండి

పోయిన వారం మోసీ మా వ్యాన్ ముందు సీట్లోకి ఎక్కి, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, తలుపు లాగి వేసుకోవడం దగ్గర ఆగాం. నా ప్రాణం ఇంకా ఆ తలుపు చప్పుడు దగ్గరే ఉంది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్క మాట. మా డింగిల్ హార్బర్ గట్టు మీద టూరిస్టు బళ్ళు నిలుపుకునే చోట్లు కొన్నే. అందులో ఒకటి చాలా ఏళ్ళుగా మా ఆయన టైగ్‌ది. చక్కెర జబ్బు కళ్ళకి పాకాక ఆయన స్టీరింగ్ వదిలేయాల్సి వచ్చింది, బండి మా అమ్మాయి గొబ్నెట్ చేతికి వచ్చింది. లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వమే. గట్టు మీద చోటు ఇచ్చేది మాత్రం డ్రైవర్లు. అందరిలోకీ పెద్ద డ్రైవర్ కొత్తవాళ్ళ పక్కన కూర్చుని, నిజమైన టూరిస్టులతోనే ఈ ద్వీపకల్పం కొస చుట్టూ ఒక చుట్టు తిరిగి రావాలి. మళ్ళీ గట్టు చేరేదాకా ఆ పెద్దమనిషి పక్క సీట్లోనే ఉంటే చోటు ఇచ్చినట్టు. మధ్యలో దిగి, తాళంచెవి అడిగి తీసుకుని, తనే తోలుకుని వస్తే లేనట్టు. ఆ పెద్దమనిషే మోసీ. మా ఆయనకి పని నేర్పింది కూడా ఆయనే.

ఇక నేను బండిలో ఎందుకున్నానంటే, టీ కోసం. సోడా రొట్టె, వెన్న, బ్లాక్‌బెర్రీ జాము, రెండు ఫ్లాస్కులు. దారి మధ్యలో టూరిస్టులకి టీ పోయడం మా బండి ఆనవాయితీ. ఫ్లాస్కులు గొబ్నెట్ కూడా మోయగలదు, నిజమే. కానీ కొండ అంచున బండి తిప్పే పిల్లని ఇంట్లో కూర్చుని ఊహించుకోవడం కన్నా వెనక సీట్లో కూర్చుని చూడటమే నాకు తేలిక. పొద్దున్నే నాలుగు టైర్ల మీదా దీవించిన నీళ్ళు చల్లాను. మోసీ చూస్తుండగా చల్లకూడదనుకున్నాను కానీ చూశాడు.

"బ్రేకుల మీద కూడా చల్లావా, నోరా?" అన్నాడు.

"ముందు వాటి మీదే చల్లాను," అన్నాను.

టూరిస్టులు మంచివాళ్ళే. ఓహియో నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు డార్లీన్, ఫేయ్. ఇద్దరూ ఒకే రంగు వానకోట్లు వేసుకున్నారు. ఇంకా హాలండ్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు. ఆయన పేరు వౌటర్, మెడలో రెండు కెమెరాలు. ఆమె కిటికీకి ఆనుకుని కూర్చుంది, తలనొప్పేమో అని నాకు అనుమానం. కొండదారి మలుపుల్లో వాంతి చేసుకుంటుందేమోనని నా చేతిసంచీలోంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఊరు దాటగానే గొబ్నెట్ మైకు అందుకుంది. వాళ్ళ నాన్న గొంతు పెద్దది, దానికి మైకు అవసరం ఉండేది కాదు. దీని గొంతు చిన్నది, కానీ అందులో ఏదో ఉంది. వినేవాళ్ళు ముందుకి వంగుతారు.

"ఇవాళ పొద్దున్న మీకు ఒకటే పని," అంది. "సముద్రం ఎప్పుడూ మీ ఎడమచేతి వైపు ఉండాలి. కుడిచేతి వైపు కనిపించిందంటే నేను దారి తప్పానని అర్థం. అప్పుడు ముందు సీట్లో ఉన్న మోసీకి చెప్పండి. ఆయన దారి ఎన్నడూ తప్పలేదు. పబ్బునుంచి ఇంటిదారి తప్ప."

అక్కచెల్లెళ్ళు నవ్వారు. మోసీ టోపీని మోకాలి మీద అటు నుంచి ఇటు తిప్పాడు. అంతకన్నా ఏమీ లేదు. పరీక్ష పెట్టేవాడి మీదే జోకు వేస్తే ఎలా, తల్లీ, అనుకున్నాను.

సముద్రం ఎడమచేతి వైపు అనేది ఉత్త మాట కాదు. మా కొండదారి ఒక బండి పట్టేంతే ఉంటుంది. అందుకే గట్టు మీద డ్రైవర్లందరూ ఒకే వైపునుంచి చుట్టు మొదలెడతారు, ఎదురెదురు పడరు. అద్దె కార్లలో వచ్చేవాళ్ళకి ఈ సంగతి తెలియదు. వాగు రోడ్డు మీదుగా పారే మలుపు దగ్గర ఎర్ర కారొకటి మాకు ముక్కుకి ముక్కు ఎదురైంది. ఇవతల రాతి గోడ, అవతల గాలి. కారులో కుర్రవాడి మొహం తెల్లగా పాలిపోయింది. పక్కన కూర్చున్న అమ్మాయి కళ్ళు మూసేసుకుంది. ఆ అమ్మాయికీ నాకూ ఆ క్షణంలో ఎంత దగ్గరి చుట్టరికం కలిసిందో చెప్పలేను.

మా దగ్గర ఒక మర్యాద ఉంది. దారి తెలిసినవాళ్ళే వెనక్కి వెళ్ళాలి. తప్పు ఎవరిదైనా సరే. గొబ్నెట్ అద్దంలో ఒకసారి చూసింది. బండి మెల్లగా వెనక్కి నడిచింది. కొండవాలు దారి, వెనక మలుపు, దాని పక్కన ఎర్రపూల పొద. ఆ పొద వెనక ఏముందో నాకు తెలుసు, ఏమీ లేదు. జపమాల పూసలు నా వేళ్ళ మధ్య పరిగెత్తాయి. నేను మనసులోనే అందరికీ అంత్యక్రియలు కూడా జరిపేశాను, వౌటర్ కెమెరాలు ఎవరికి పంపాలో కూడా ఆలోచించాను. బండి పొదని తాకీ తాకనట్టు వెళ్ళి, పొలం గేటు ముందున్న ఖాళీలో ఒదిగి నిలబడింది. కారు దాటింది. గొబ్నెట్ స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు లేపి ఆ కుర్రవాడిని పలకరించింది. వాడు రెండు చేతులూ లేపాడు.

"స్టీరింగ్ పట్టుకో నాయనా," అంది తనలో తాను, మైకు ఆపడం మర్చిపోయి.

బండి మొత్తం నవ్వింది. మోసీ నవ్వలేదు కానీ ఏదో పాత పాట సన్నగా ముక్కుతో పాడాడు. మోసీ ముక్కుతో పాడితే మంచిదేనని టైగ్ ఎప్పుడో అన్నాడు. నేను ప్లాస్టిక్ సంచి మడిచి పెట్టుకున్నాను. నా కూతురు కదా, అనిపించింది. అంతలోనే, ఇంత బాగా తోలితే తర్వాత ఏదో జరుగుతుంది, అని కూడా అనిపించింది. సంతోషం వచ్చినప్పుడల్లా నాకు ఇలాగే అనిపిస్తుంది. అది ఎప్పుడూ తప్పు కాలేదు.

దీవులు కనిపించే మిట్ట మీద టీకి ఆగాం. గాలి రొట్టె ముక్కల్ని చేతుల్లోంచి లాక్కుపోతోంది. ఎవరివో గుర్తుకి నీలం రంగు పూసిన గొర్రెలు రోడ్డు మధ్య నిలబడి, మేము తమ ఇంటికి చెప్పకుండా వచ్చిన చుట్టాలమైనట్టు చూస్తున్నాయి. డార్లీన్ రెండో ముక్క అడిగింది, ఫేయ్ ఆమెని కళ్ళతో కసిరింది. నేను మోసీకి టీ తీసుకెళ్ళేసరికి ఆయన బండి వెనక గొబ్నెట్‌తో మాట్లాడుతున్నాడు.

"తోలడం బాగుంది," అంటున్నాడు. "మీ నాన్న కన్నా క్లచ్ మీద దయ ఎక్కువ. ఇక దీపం రేవు ఒక్కటే."

ఆ పేరు వినగానే నేను కప్పుతో అక్కడే ఆగాను.

దీపం రేవు అంటే కొండ కింద ఒక చిన్న ఇసుక మూల, మూడు వైపులా రాళ్ళు. పైన కప్పులేని ఇల్లు, ఒక్క గోడ నిటారుగా నిలబడి ఉంటుంది. మా తాతల కాలంలో ఒక తుఫాను రాత్రి ఆ రాళ్ళ మీద మూడు తెరచాపల ఓడ పగిలింది. ఆ ఇంటివాళ్ళు కావాలని దీపం చూపించి ఓడని రప్పించి సరుకు దోచుకున్నారనీ, ఆ ఇంటి ముసలిది చచ్చిన నావికుడి వేలు కొరికి ఉంగరం తీసుకుందనీ కథ. పబ్బుల్లో చెబుతారు. వంటింటి తువ్వాళ్ళ మీద అచ్చు వేసి అమ్ముతారు. టూరిస్టులకి మా ప్రాంతంలో అన్నిటికన్నా ఇష్టమైన కథ అదే.

ఆ ఇల్లు మాది. ఆ ముసలమ్మ మా తాత తల్లి, పేరు లేన్. బళ్ళో నన్ను దీపాలోళ్ళ పిల్లా అని పిలిచేవాళ్ళు. నా పెళ్ళి విందులో ఎవరో బల్ల మీద లాంతరు పెట్టి పోయారు. టైగ్ ముప్పై ఏళ్ళు ఆ కథ చెప్పి మాకు తిండి పెట్టాడు. ఉంగరం ముక్క మాత్రం వదిలేసేవాడు. నేను బండిలో ఉన్న రోజు ఆ రేవు దగ్గర అసలు ఆపేవాడే కాదు, ఇంజన్‌లో ఏదో చప్పుడు వస్తోందనేవాడు. అది ఆయన మర్యాద.

"నేను ఆ కథ చెప్పను, మోసీ," అంది గొబ్నెట్. "మీకు ముందే తెలుసు."

"తెలుసు. అందుకే వచ్చాను." ఆయన నా చేతిలోంచి టీ అందుకున్నాడు. కోపం లేదు. అదే నాకు భయం వేసింది. "చూడు పిల్లా. నీ వెనకే ఇవాళ మన బళ్ళు ఇంకా ఉన్నాయి. వాళ్ళందరూ అదే చోట అదే కథ చెబుతారు. సాయంత్రం టూరిస్టులందరూ ఒకే పబ్బులో కూర్చుంటారు. నీ బండిలోవాళ్ళు ఒకటి, పక్క బండిలోవాళ్ళు ఒకటి చెప్పుకుంటే, ఎవరో ఒకరు అబద్ధాలకోరు అవుతారు. ఎవరు? నువ్వా, మేమా? గట్టు మీద ఉన్నవాళ్ళం ఒక మాట మీద ఉండాలి. అది మీ నాన్న కూడా ఒప్పుకున్నదే."

"నాన్నకి వేరే దారి లేదు."

"నీకు ఉందా?"

మోసీ టీ గుక్కెడు తాగి, "చక్కెర తక్కువైంది, నోరా," అని, కప్పు పట్టుకుని గొర్రెల వైపు నడిచాడు.

నేను మా అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. ఆ చోటు పోతే ఏమవుతుందో నాకు అప్పటికే చివరిదాకా కనిపించింది. బండి అమ్మేయాలి. ఇది ఏ డబ్లిన్‌కో పోయి తెలియని రోడ్ల మీద రాత్రింబవళ్ళు టాక్సీ తోలుతుంది. ఎవడో వెనకనుంచి గుద్దుతాడు. టైగ్ కిటికీ దగ్గర కూర్చుని, చూపులేని కళ్ళతో గట్టు వైపు చూస్తూ మాట పలుకు మానేస్తాడు.

"చెప్పేయ్ తల్లీ," అన్నాను. "రెండు నిమిషాల పని. నేను పుట్టినప్పటినుంచి వింటున్నాను, ఇంకొకసారి వింటే చావను."

"నీ ముందు చెప్పమంటావా?"

"నేను ఇక్కడే దిగిపోతాను. గోడ పక్కన అడ్డదారి ఉంది కదా, నడిచి అటు మలుపులో ఎక్కుతాను. ఉంగరం కూడా చెప్పు, పరవాలేదు. వాళ్ళకి ఉంగరమే ఇష్టం."

అది నా మొహంలోకి చూసింది. వాళ్ళ నాన్న కళ్ళు అవి, బాగున్న రోజుల్లో ఉన్నవి. "అమ్మా, నువ్వు దిగితే నేను అసలు ముందుకే తోలను. ఎక్కు. గాలికి నీ చెవులు ఎర్రబడ్డాయి."

ఎక్కాను. ఎక్కక ఏం చేయను.

రేవు దాకా దారిలో అది మైకు ముట్టుకోలేదు. నేనైతే కొండరాళ్ళు విరిగిపడితే బాగుండును, రోడ్డు మూసేస్తే బాగుండును, అని కోరుకున్నాను. ఎవరికీ దెబ్బ తగలకుండా, చిన్న రాళ్ళే. ఒక్క రాయీ పడలేదు. బండి ఆగింది. ఇంజన్ ఆగింది. కింద అలల మోత, పైన ఆ ఒంటి గోడ.

డార్లీన్ ముందుకి వంగింది. "ఇదేనా ఆ చోటు? రాత్రి పబ్బులో ఒకాయన చెప్పాడు. దొంగదీపం. నాకు వొళ్ళు జలదరించింది."

"ఇదే," అంది గొబ్నెట్. మైకు తీసి పక్కన పెట్టేసి, సీట్లో వెనక్కి తిరిగి కూర్చుంది. "ఆ గోడ కనిపిస్తోంది కదా. ఆ ఇల్లు మా అమ్మది. ఇందాక మీకు రొట్టె పెట్టినావిడ పుట్టింది ఆ గోడల మధ్యే."

నాలుగు తలలు నా వైపు తిరిగాయి. వౌటర్ కెమెరా ఎత్తబోయి, మళ్ళీ దించేశాడు. దించినందుకు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. నేను ఖాళీ ఫ్లాస్కుని గట్టిగా పట్టుకున్నాను. ముందు సీట్లో మోసీ మెడ మాత్రమే కనిపిస్తోంది, కదలడం లేదు.

"ముందు ఉంగరం సంగతి తేల్చేద్దాం," అంది మా అమ్మాయి. "వేలు కొరికిందంటారు కదా, ఆమె మా అమ్మకి ముత్తవ్వ, లేన్. అప్పటికి ఆవిడకి ముందు పళ్ళు ఒక్కటీ లేవు. మా ఇంట్లో అందరికీ త్వరగా ఊడిపోతాయి. కావాలంటే మా అమ్మని అడగండి."

నేను నోరు మూసుకున్నాను. ఫేయ్ నవ్వు ఆపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకుంది.

"ఇక దీపం. అది నిజం. లేన్ దీపం పెట్టింది. ఆ గోడకి ఇటు వైపు ఇనుప కొక్కెం ఇప్పటికీ ఉంది, దానికే తగిలించింది. ఎందుకు పెట్టిందంటే, కొడుకులిద్దరూ చేపలకి వెళ్ళారు. తారు పూసిన గుడ్డ పడవ, ఇద్దరు మోసుకుపోగలిగేంత తేలిక. సాయంత్రం గాలి మారింది. లేన్ ఎలాంటి మనిషో మీకు తెలియాలి. కొడుకు తుమ్మితే క్షయ అనుకునేది. మబ్బు పడితే వరద అనుకునేది. పడవ మలుపు తిరక్కముందే మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన మొదలెట్టేది. ఊళ్ళో అందరూ నవ్వేవాళ్ళు. ఆ రాత్రి మాత్రం భయపడటానికి నిజంగా కారణం ఉంది. ఇంట్లో ఉన్న నూనె అంతా పోసి ఆ దీపం వెలిగించి, గాలికి ఆరిపోకుండా తన వొంటి మీది గొంగడి అడ్డం పట్టుకుని నిలబడింది. గంటల తరబడి."

అలలు ఒకసారి గట్టిగా కొట్టి వెనక్కి లాగాయి.

"కొడుకులిద్దరూ ఆ దీపం చూసే దారి పట్టుకున్నారు. ఆ ఇసుక మీదికి పడవ లాక్కుని వచ్చారు. వాళ్ళలో చిన్నవాడు మా అమ్మకి తాత. వాళ్ళు వచ్చిన తర్వాతే ఓడ వచ్చింది."

"అంటే," అన్నాడు వౌటర్, మాటలు ఏరుకుంటూ, "ఓడ మునిగింది ఆ దీపం వల్లేనా? మీ లేన్ దీపం వల్ల?"

ఈ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. ఎవరైనా దీని పేరెత్తితే మా నాన్న లేచి వెళ్ళిపోయేవాడు.

"అవును," అంది గొబ్నెట్. "హార్బర్ దీపం అనుకుని ఉంటారు. కాదని మేము ఎప్పుడూ అనలేదు. ఆ రాత్రి మునిగినవాళ్ళ బరువు మా ఇంటి మీద ఉంది. లేన్ ఆ అలల్లోకి నడుం లోతు దిగి ముగ్గురిని జుట్టు పట్టుకుని బయటికి లాగింది. దక్కనివాళ్ళని మా వాళ్ళ సమాధుల పక్కనే పూడ్చారు. వాళ్ళ పేర్లు తెలియవు కనుక, ప్రతి నవంబర్‌లోనూ మా ఇంట్లో చనిపోయినవాళ్ళ పేర్లు చదివాక, ఆ ఓడవాళ్ళు కూడా, అని చేరుస్తాం. అమ్మ ఎప్పుడూ మర్చిపోలేదు."

ఒకసారి ఆ గోడ వైపు చూసింది.

"ఇందులో దొంగలెవరూ లేరు. ఒక తల్లి భయం ఉంది. అదే దీపం ఇద్దరిని ఇంటికి చేర్చింది, ఓడని రాళ్ళ మీదికి తెచ్చింది. మీరు దేన్ని కథగా పట్టుకెళ్తారో మీ ఇష్టం. నా మటుకు నాకు, ఆ దీపం లేకపోతే ఇవాళ ఈ బండికి డ్రైవర్ లేదు."

ఎన్ని చర్చిల్లో ఎన్ని ప్రసంగాలు విన్నానో. ఎవరూ మా ఇంటి భయాన్ని ఇలా ఎత్తి పట్టుకుని చూపించలేదు. నేను ఏడుస్తానేమో అనుకున్నాను, ఏడుపు రాలేదు. వెన్ను నిటారుగా అయింది, అంతే. పెళ్ళిలో లాంతరు పెట్టిపోయినవాడు ఎవడో, వాడు ఇప్పుడు ఈ బండిలో ఉంటే బాగుండును అనిపించింది.

ఫేయ్ మెల్లగా అడిగింది. "ఆ తర్వాత ఆవిడ ఇంకెప్పుడైనా దీపం పెట్టిందా?"

గొబ్నెట్‌కి అది తెలియదు. నా వైపు చూసింది. దారి తెలిసినవాళ్ళే వెనక్కి వెళ్ళాలి కదా, ఇక్కడ వెనక్కి వెళ్ళగలిగింది నేనొక్కదాన్నే.

"ప్రతి రాత్రీ పెట్టింది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కాకపోతే ఇంటి లోపల. కిటికీకి దుప్పటి కట్టి, వెలుగు చుక్క కూడా బయటికి పోకుండా. కొడుకులు వద్దన్నారు. నూనె దండగ, దీన్ని చూసి ఎవరొస్తారు అన్నారు. ఎవరూ రానక్కర్లేదు, నేను మేలుకుని ఉన్నానని నాకు తెలియాలి, అందిట. మా నాయనమ్మా అంతే. మా అమ్మని పెళ్ళి చేసుకుని తెచ్చిన మొదటి వారంలోనే ఆవిడకీ అంటుకుంది. నేనూ అంతే. ఈ పిల్ల బండి ఇంటికొచ్చేదాకా వాకిట్లో లైటు ఆర్పను. వాళ్ళ నాన్న, అంటే మా ఆయన, కరెంటు బిల్లు నీ భయం తినేస్తోందే అంటాడు."

డార్లీన్ వచ్చి నా పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకోలేదు, ఖాళీ ఫ్లాస్కు నా చేతిలోంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. హాలండ్ ఆవిడ మాత్రం మొదటిసారి కిటికీ నుంచి తల తిప్పి, "మా అమ్మ కూడా," అంది. ఆ రెండు మాటలే. తలనొప్పి కాదన్నమాట.

అప్పుడు మోసీ తలుపు తెరిచాడు.

టోపీ పెట్టుకున్నాడు. కిందికి దిగాడు. బండి ముందునుంచి చుట్టూ తిరిగి నడిచి వస్తున్నాడు. అద్దంలోంచి ఆయన టోపీ ఒక వైపునుంచి ఇంకో వైపుకి జరగడం చూస్తుంటే నాకు అంతా అయిపోయిందని అర్థమైంది. అయిపోనీ. ఈ మాట నేను అనుకున్నానని నాకే నమ్మకం కలగలేదు. బండి అమ్మితే అమ్ముదాం, డబ్లిన్ పోతే పోదాం, నేనూ వెళ్తాను, టాక్సీలో వెనక కూర్చుంటాను. మా అమ్మాయి ఈ రేవు దగ్గర ఈ మాట చెప్పింది. దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

ఆయన డ్రైవర్ తలుపు తీశాడు. గాలి లోపలికి దూసుకొచ్చింది.

గొబ్నెట్ తాళంచెవి బయటికి లాగి, ఆయన ముందుకి చాచింది.

మోసీ ఆ చెవి వైపు చూశాడు. "నాకెందుకు అది. నీ బండి, నీ జేబులో వేసుకో. తిరిగి వెళ్ళేటప్పుడు నేను ఆ పక్క సీట్లోనే కూర్చుంటాను."

"మరి ఎందుకు దిగారు?"

"ఆ సీట్లో కూర్చుని చెప్పలేని మాట ఒకటి ఉంది కనుక." ఆయన మొహం నేను ఎప్పుడూ చూడని మొహం. గట్టు మీద అందరినీ గదమాయించే మనిషి, బళ్ళో పాఠం రాని పిల్లవాడిలా నిలబడ్డాడు. "నువ్వు తప్పు చెప్పావు, పిల్లా. ఎక్కడో కాదు, ఒక్క చోట. ఓడ మునిగింది లేన్ దీపం వల్లేనా అని ఆయన అడిగితే అవునన్నావు. అంత నిబ్బరంగా అన్నావే, నేను ఇక ఆ సీట్లో కూర్చోలేకపోయాను. నోరా, నువ్వూ దిగు."

దిగాను. కాళ్ళ కింద గడ్డి జారుతోంది, అంచుకి ఎంత దూరంలో ఉన్నామో చూసుకున్నాను, ఆయన చొక్కా పట్టుకోవాలా అని కూడా అనుకున్నాను. మోసీ మా గోడ వైపు చూడలేదు. రేవుకి అవతలి కొమ్ము వైపు చెయ్యి చూపించాడు. ముళ్ళపొదల కింద రాళ్ళ గుట్ట. అక్కడ ఏ బండీ ఆగదు, ఆ రాళ్ళకి ఏ కథా లేదు.

"అది మా తాత పశువుల కొట్టం," అన్నాడు. "టైగ్‌కి దొంగదీపం కథ నేర్పింది నేను. నాకు నేర్పింది మా నాన్న. ఆయన దాన్ని ఎందుకు అల్లాడో పోయే ముందు మంచం మీద చెప్పాడు. అప్పటినుంచి ఈ రేవు దగ్గర ఆగినప్పుడల్లా ఆ కథే ఇంకా గట్టిగా చెబుతూ వచ్చాను. లేన్ బయటికి లాగిన ముగ్గురిలో ఒకడిని ఆ రాత్రి మా ఇంట్లో పడుకోబెట్టారు. జ్వరంతో కలవరించాడు. ఓడ పైనుంచి తను చూసిన దీపం గురించి, తెల్లారేదాకా ఒకే మాట."

"ఏమని?" అంది గొబ్నెట్.

మోసీ టోపీ తీసేశాడు. గాలికి ఆయన తెల్ల జుట్టు లేచి నిలబడింది. ఆయన నా వైపే చూస్తున్నాడు.

"ఆ దీపం నడుస్తోందని. కొండ అంచు వెంట, ఊగుతూ, మెల్లగా నడుస్తోందని. గోడ కొక్కేనికి తగిలించిన దీపం నడవదు, నోరా. మా కొట్టంలోని పశువు మెడకి కట్టినది నడుస్తుంది."